వివత్స క్షీరము: అహింసావ్రతుని పాత్రలోని పాలు

గత కార్తిక మాసంలో మా సత్సంగంలో యోగసూత్రాలలోని యమాలను గురించి నాలుగు దినాలు ప్రసంగించవలసి వచ్చింది. మొదటి యమం అహింస. జాతి, దేశం, కాలం, సందర్భం అనే అవధులు ఏవీ లేకుండా పాటించినప్పుడే అది మహావ్రతం అవుతుందన్న పతంజలి మహర్షి అభిప్రాయాన్ని వివరించి, మాంసాహార విసర్జనం దానికి తొలి మెట్టు అని ముగించాను. అనంతరం ప్రసాద వితరణ జరిగింది. ఆనాటి ప్రసాదం క్షీరాన్నం. దొన్నె చేతిలో పట్టుకొనే ఒక అమ్మాయి, ఇంజనీరింగ్ విద్యార్థిని, లేచి వినయంగా అడిగింది: "మాస్టారూ, ఈ పాయసంలోని పాలు ఇచ్చిన గేదెకు పుట్టిన దూడ ఇప్పుడు ఎక్కడ ఉంటుందండీ?"

కొందరు పెద్దలు నొచ్చుకొన్నారు. నేను మాత్రం, "పాలు సాత్త్వికాహారం తల్లీ, శాస్త్రసమ్మతం. దూడ తాగగా మిగిలినవే మనం తీసుకొంటాం" అని సమాధానం చెప్పి కూర్చున్నాను. ఆ అమ్మాయి కూడా కూర్చున్నది. ప్రశ్న మాత్రం కూర్చోలేదు. నేను చెప్పిన రెండు వాక్యాలలో మొదటిది సగం సత్యం. రెండవది, నేను ప్రతిదినం కొనే పాలపొట్లం విషయంలో, విచారణ చేయకుండా చెప్పిన మాట. అహింసను గురించి నాలుగు దినాలు మాట్లాడినవాడు రెండవ యమమైన సత్యం దగ్గర తడబడ్డాడన్నమాట. ఈ వ్యాసం ఆ సమాధానానికి సవరణ.

నా అభిప్రాయాన్ని ముందే స్పష్టం చేస్తాను. నేడు మనకు లభించే పాలలో అధికభాగం, మన ధర్మశాస్త్రాలు ఏ పాలను మెచ్చుకొన్నాయో ఆ పాలు కావు. కావున అహింసను వ్రతంగా స్వీకరించిన సాధకుడు పాలను విడవడం, విడవలేకపోతే తగ్గించడం ధర్మానికి దూరం కాదు, సమీపం. అయితే ఆ విడవడం జ్ఞానపూర్వకంగా, దేహరక్షణ విషయంలో ప్రమాణాన్ని అనుసరించి, అహంకారం లేకుండా జరగాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా ఆ త్యాగం కొత్త హింస అవుతుంది.

ఏది దేనికి ప్రమాణం?

విచారణకు ముందు ప్రమాణాన్ని నిర్ణయించుకోవడం మన సంప్రదాయం. ప్రత్యక్షానికి, అనుమానానికి అందని విషయాలలోనే శ్రుతి ప్రమాణమని, నూరు శ్రుతులు కలిసి చెప్పినా నిప్పు చల్లగా మారదని ఆదిశంకరులు గీతాభాష్యంలో నిర్మొహమాటంగా చెప్పారు. ఈ వివేకం మన చర్చకు మిక్కిలి అవసరం. అహింస ఎందుకు ధర్మం, ఆహారానికి చిత్తానికి సంబంధమేమిటి అన్నవి శాస్త్రాన్ని అడగవలసిన ప్రశ్నలు. ఒక పాడిశాలలో దూడకు ఏమి జరుగుతున్నది, పాలు మానిన దేహానికి ఏ పోషకం కొరవడుతుంది అన్నవి ప్రత్యక్షాన్ని, పరిశోధనను అడగవలసిన ప్రశ్నలు. మొదటివాటికి వైద్యుని, రెండవవాటికి స్మృతిని ఆశ్రయించడం రెండూ దోషాలే. పాలను సమర్థించేవారిలోను, ఖండించేవారిలోను ఈ దోషం నేడు సమానంగా కనబడుతున్నది.

శాస్త్రం చెప్పిన పాలు

ఆహారశుద్ధి వలన సత్త్వశుద్ధి, దాని వలన ధ్రువమైన స్మృతి కలుగుతాయని ఛాందోగ్యోపనిషత్తు చెబుతున్నది. అక్కడి ఆహార శబ్దానికి ఇంద్రియాల ద్వారా లోపలికి తెచ్చుకొనే విషయజ్ఞానమని శంకరులు అర్థం చెప్పారు. శ్రీరామానుజులు భుజించే ఆహారమనే గ్రహించి, శ్రీభాష్యంలో సాధనసప్తకాన్ని వివరిస్తూ మొదటిదైన వివేకానికి ఆహారశుద్ధినే లక్షణంగా చూపారు. అన్నానికి మూడు దోషాలు ఉండవచ్చు: పదార్థ స్వభావం చేత వచ్చే జాతిదోషం, అది ఎవరి నుండి వచ్చిందో ఆ మూలం చేత వచ్చే ఆశ్రయదోషం, వెంట్రుక, ఎంగిలి వంటి నిమిత్తం చేత వచ్చే నిమిత్తదోషం. ఈ మూడూ లేని అన్నమే శుద్ధాన్నం.

పాలు సాత్త్వికమని మనం అన్నప్పుడు జాతిదోషం లేదని మాత్రమే చెబుతున్నాం. ఆశ్రయం సంగతి అడగడం లేదు. దొంగిలించిన బియ్యం జాతి చేత శుద్ధమే, ఆశ్రయం చేత అశుద్ధం. పాలకు ఈ పరీక్ష ఎందుకు వర్తించకూడదు?

ఇది నేను కొత్తగా కల్పిస్తున్న పరీక్ష కాదు. ఏ పాలు త్రాగరాదో స్మృతులే చెప్పాయి. ఈనిన పది దినాల లోపలి ఆవుపాలు నిషిద్ధమని మనుస్మృతి ఐదవ అధ్యాయం చెబుతున్నది. గౌతమ ధర్మసూత్రం ఆ నియమాన్ని మేకకు, గేదెకు కూడా విస్తరించింది. జున్నుపాలను ఇరుగుపొరుగుకు పంచి సంబరపడే మన తెలుగు ఇళ్ళలో ఈ నిషేధం ఎందరికి తెలుసు? లేగదూడకు రోగనిరోధక శక్తినిచ్చే తొలి పాలు అవే కదా! ఆ పట్టికలోనే మరొక పదం ఉన్నది: వివత్స. దూడ లేని ఆవు పాలు త్రాగరాదని దాని భావం. దూడ మరణించినా, దూడ దగ్గర లేకపోయినా ఆ ఆవు వివత్సయే. యాజ్ఞవల్క్య స్మృతి కూడా ఈ నిషేధాన్ని చెప్పింది.

దీని అంతరార్థాన్ని గమనించండి. పాలకు అధికారి దూడ. మనకు కలిగే హక్కు దూడ ఉనికిని, దూడ తృప్తిని ఆశ్రయించి ఉన్నది. దూడ లేనప్పుడు ఆ హక్కే లేదు. శాస్త్రం పాలను అనుమతించిందనడం నిజమే. అయితే ఆ అనుమతికి ఒక నియమం ఉన్నది. మనం అనుమతిని గుర్తుంచుకొని నియమాన్ని మరిచాం.

ప్రత్యక్షం చెబుతున్న పాలు

పాలు వానవలె ఊరక కురవవు. ఏ పశువైనా ఈనితేనే పాలిస్తుంది. గేదె సుమారు పది నెలలు చూడి మోసి ఈనుతుంది. పాడి తగ్గగానే మళ్ళీ చూడి కట్టించాలి. ఈనిన ప్రతిసారీ దూడ పుడుతుంది. ప్రకృతి నియమం ప్రకారం వాటిలో ఇంచుమించు సగం మగవి. ఎద్దుతో దుక్కి, బండి, గానుగ సాగిన కాలంలో కోడెదూడకు ఒక స్థానం ఉండేది. ట్రాక్టరు వచ్చిన తరువాత ఆ స్థానం పోయింది. దున్నదూడకు ఆ స్థానం మొదటి నుండీ తక్కువే.

2019లో జరిగిన ఇరవయ్యవ పశుగణన ప్రకారం మన దేశంలో గోజాతి పశువులు సుమారు 19.25 కోట్లు. వాటిలో ఆడవి 14.5 కోట్లకు పైగా, మగవి సుమారు 4.75 కోట్లు. 2012 గణనలో మగవి దాదాపు 6.8 కోట్లు ఉండేవి. ఏడు సంవత్సరాలలో సుమారు ముప్ఫై శాతం తగ్గాయి. సమానంగా పుట్టే జాతిలో ఒకటికి మూడు చొప్పున ఈ అంతరం ప్రకృతి చేసినది కాదు. ఆ మగదూడలు ఎక్కడికి పోయాయి? కొన్ని ఆకలితో, నిర్లక్ష్యంతో దూడదశలోనే మరణించాయి. కొన్ని సంతకు, అక్కడి నుండి కబేళాకు వెళ్ళాయి. కొన్ని వీధిపాలయ్యాయి. అదే గణన వీధులలో తిరిగే పశువులను సుమారు 50 లక్షలుగా లెక్కించింది. మగదూడ పుట్టకుండా చేయడానికి లింగనిర్ధారిత వీర్యాన్ని ప్రభుత్వమే నేడు ప్రోత్సహిస్తున్నది. అనవసరమైన ప్రాణి పుట్టి నశించడం కన్నా అది మేలే. కాని మగదూడ ఈ వ్యవస్థకు బరువు అన్న సత్యానికి అంతకన్నా స్పష్టమైన అంగీకారం మరొకటి లేదు.

గేదె గతి మరింత శోచనీయం. ఆంధ్రప్రదేశ్‌లో అదే గణనలో గోవుల కన్నా గేదెలే అధికంగా ఉన్నాయి. మన కాఫీలోను, పెరుగులోను, స్వామి నైవేద్యంలోను చేరే పాలలో గేదెపాల వంతు పెద్దది. కాని గోశాల గోవుకే. గేదెకు శాల లేదు, పూజ లేదు, చట్టరక్షణ కూడా తక్కువ. మహిషాన్ని యముని వాహనంగా, అసురుని రూపంగా చూసిన మన మనస్సు దాని పాలను మాత్రం అమృతంగా గ్రహించింది. గేదెమాంసాన్ని ఎగుమతి చేసే దేశాలలో మన దేశం ప్రపంచంలో అగ్రశ్రేణిలో ఉన్నది. అందుకోసం ప్రత్యేకంగా పెంచిన మందలు లేవు. ఒట్టిపోయిన గేదెలు, అక్కరకు రాని దున్నలు, అనగా పాడి విడిచిన శేషమే ఆ వ్యాపారానికి మూలధనం. పాలు, మాంసం ఒకే చెట్టుకు రెండు కొమ్మలు. ఒక కొమ్మ ఫలాన్ని దేవునికి నివేదించి, రెండవ కొమ్మను చూసి ముక్కు మూసుకొంటున్నాం.

దూడ పొదుగును కుడిచినప్పుడు తల్లి దేహంలో ఆక్సిటోసిన్ అనే ద్రవ్యం స్రవించి పాలు చేపుకు వస్తాయి. దూడ లేనిచోట ఆ పనిని సూదితో చేయించే దురాచారం అనేక ప్రాంతాలలో ఉన్నది. పశువు ఆరోగ్యానికి హాని చేస్తూ పాలు పెంచే సూదిమందులను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం నేరంగా పరిగణించింది. అయినా అది ఆగలేదు. చనిపోయిన దూడ చర్మంలో గడ్డి కూరి తల్లి ఎదుట నిలబెట్టి పాలు పిండుకోవడం మన పల్లెలు ఎరిగినదే. వివత్స అన్న శబ్దానికి ఇంతకన్నా వ్యాఖ్యానం ఏమి కావాలి?

ఈ సందర్భంలో గతాన్ని స్వర్ణయుగంగా చిత్రించే పని నేను చేయను. మా ఇంట కూడా గేదె ఉండేది. మా నాయనమ్మ రెండు రొమ్ములు దూడకు విడిచి, రెండు పితికేది. కుడితి, తవుడు పెట్టనిదే తాను అన్నం తినేది కాదు. అయినా మూడుసార్లు దున్నదూడ పుట్టింది. మూడుసార్లూ ఏడాది తిరగకముందే ఎవరో వచ్చి తోలుకొనిపోయారు. "సంతకు పంపాం" అనేవారు. సంత నుండి ఎక్కడికి అని అడిగినవారు మా ఇంట ఎవరూ లేరు. నేనూ అడగలేదు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు అరవై ఏండ్ల బాకీ.

ఆక్షేపణలు

గోపాలుడు వెన్న తిన్నాడు కదా అని భక్తులు అడుగుతారు. తిన్నాడు. అయితే భాగవత దశమస్కంధంలోని వత్సాపహరణ ఘట్టాన్ని కూడా స్మరించాలి. బ్రహ్మ లేగలను, గోపబాలురను అపహరించినప్పుడు, తల్లులకు బిడ్డలు లేని లోటు కలగకూడదని స్వామి ఒక సంవత్సరం పాటు తానే ఆ బాలురుగా, ఆ లేగలుగా రూపు దాల్చాడు. సాయంకాలం ఇంటికి చేరిన ఆ లేగలను ఆవులు నాకి పాలిచ్చాయి. తల్లి ముందు దూడ లేకపోవడాన్ని సహించని దైవం ఆయన. వెన్న తిన్న లీలను తీసుకొని, దూడగా మారిన లీలను విడిచిపెట్టడం భక్తి అనిపించుకోదు.

పంటలో మాత్రం హింస లేదా అని మరికొందరు అంటారు. ఉన్నది. భారతంలోని ధర్మవ్యాధుడు కౌశికునికి ఇదే చెప్పాడు. నాగలి క్రింద, నడిచే పాదం క్రింద, ధాన్యపు గింజలో సైతం జీవులు ఉన్నాయని, పూర్ణాహింస లోకంలో ఎవరికీ సాధ్యం కాదని ఆయన బోధ. కాని ఆ బోధ నుండి ఆయన హింస ఎంతైనా చేయవచ్చన్న నిర్ణయానికి రాలేదు. యత్నపరులు హింసను తగ్గిస్తారనే చెప్పాడు. 1944లో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్ ప్రభృతులు స్థాపించిన వీగన్ సొసైటీ కూడా తన నిర్వచనంలో సాధ్యమైనంత వరకు, ఆచరణకు అనుకూలమైనంత వరకు అన్న పరిమితిని ఉంచుకొన్నది. మిథిలలోని మాంసవిక్రేత, ఇంగ్లండులోని వడ్రంగపు పని ఉపాధ్యాయుడు ఒకే వివేకానికి చేరడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. పైగా పశువు కూడా మేతను తినే పాలిస్తుంది. పంటలోని హింసను తగ్గించాలన్నా పశువు ద్వారా తినడం కన్నా నేరుగా తినడమే అల్పహింస.

అన్నిటికన్నా గౌరవించదగిన ఆక్షేపణ మూడవది: పాడిపై బ్రతికే కుటుంబాల మాటేమిటి? 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ తరువాత కోట్ల గ్రామీణ కుటుంబాలకు, విశేషించి స్త్రీలకు, పాలకేంద్రం నుండి చేతికందే రొక్కం ప్రాణాధారమైంది. పంట పోయిన ఏడాది ఇంటిని నిలబెట్టేది ఆ గేదెయే. ఆ తల్లిని దోషిగా నిలబెట్టే అధికారం పట్టణంలో కూర్చున్న నాకు లేదు. దున్నదూడను అమ్మే ఆమె, లీటరుకు రెండు రూపాయలు తక్కువకే పాలు కోరే నేను ఒకే కర్మలో భాగస్వాములం. మాంసం విషయంలో చంపినవాడితో పాటు అనుమతించినవాడిని, కొన్నవాడిని, వండినవాడిని, వడ్డించినవాడిని, తిన్నవాడిని కూడా మనువు ఘాతకులలో చేర్చాడు. ఆ న్యాయాన్ని పాలకు విస్తరించడం నా సాహసమే కావచ్చు. కాని దాని దిశ సరియైనదని నా నమ్మకం. దోషం కొనుగోలుదారుని నుండి మొదలవుతుంది కనుక సంస్కారం కూడా అక్కడి నుండే మొదలు కావాలి. పాడికుటుంబానికి వేరే జీవనోపాధి చూపడం సమాజపు బాధ్యత. ఆ మార్పు ఒక దినంలో జరగదు కనుక అది హఠాత్తుగా వారి మీద పడుతుందన్న భయం కూడా అక్కరలేదు.

దూడను తల్లి వద్దనే ఉంచి, మగదూడను, ఒట్టిపోయిన పశువును జీవితాంతం పోషించేవారి ఇంటి పాలు శాస్త్రం చెప్పిన పాలే. అటువంటి పాలు నేడు ఉన్నాయి, స్వల్పంగా. వాటి నిజమైన వెల చాలా అధికం. ఇరవై ఏండ్ల వరకు జీవించగల ప్రాణిని పాలున్నా లేకున్నా పోషించే ఖర్చు ఆ వెలలో ఉంటుంది కదా! ఆ వెల చెల్లించగలవారు అట్లే చేయవచ్చు. చెల్లించలేనప్పుడు చౌకపాలను ఎంచుకోవడం కన్నా పాలు మానడమే ఋజుమార్గమని నా అభిప్రాయం.

దేహం విషయంలో ప్రమాణం

ఇక నా తప్పును చెప్పుకోవాలి. ఆ ప్రశ్న విన్న రెండు నెలలకు నేను పాలు, పెరుగు, నెయ్యి మానివేశాను. అప్పటికే నలభై ఏండ్లుగా శాకాహారిని. "మన పూర్వులు కందమూలాలతో జీవించలేదా" అన్న ధీమాతో ఏ వైద్యుని సంప్రదించలేదు. ఏడాదిలోపే అరికాళ్ళలో తిమ్మిరి, నడకలో తూలు, పారాయణంలో కంఠస్థమైన శ్లోకాలే మరపుకు రావడం మొదలైనాయి. వృద్ధాప్యమనుకొన్నాను. రక్తపరీక్ష చేస్తే విటమిన్ బి12 అట్టడుగున ఉన్నది. చికిత్సతో చాలావరకు కోలుకొన్నాను. ఎడమ పాదంలో కొంత మొద్దుబారడం నేటికీ మిగిలింది. అహింసను నా దేహానికి వర్తింపజేయడం మరిచిన ఫలం అది.

బి12ను చెట్లు చేయవు, జంతువులు చేయవు. సూక్ష్మజీవులు మాత్రమే చేస్తాయి. పశువు కడుపులోని సూక్ష్మజీవులు తయారుచేసినదే పాలలోకి వస్తుంది. మొక్కల ఆహారంలో నమ్మదగిన బి12 లేదు. ఇడ్లీ పిండి పులిసినా రాదు. స్పైరులీనాలో ఉన్నదని చెప్పేది అధికంగా మన దేహానికి పనికిరాని రూపం. పాలు తాగే శాకాహారులలో కూడా ఈ లోపం మన దేశంలో విరివిగా ఉన్నది. అందుచేత పాలు మానే నాటికే నిల్వలు తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. ఆకుకూరలు, పప్పులలోని ఫోలేట్ రక్తహీనతను కప్పిపుచ్చడం వలన నాడులు దెబ్బతినే వరకు తెలియకపోవచ్చు. పెద్దలకు దినమునకు కావలసినది రెండు మైక్రోగ్రాముల పైచిలుకు మాత్రమే. కాని మాత్రలోనిది అంతా దేహంలో చేరదు. కనుక దినమునకు కనీసం 10 మైక్రోగ్రాములు, లేదా వారానికి 2000 మైక్రోగ్రాములు తీసుకోవాలని వీగన్ సొసైటీ సూచన. లోపం అప్పటికే ఉన్నవారికి ఈ మోతాదు చాలదు, వైద్యుడే నిర్ణయించాలి. మాత్ర మింగడం అసహజమని సంకోచించేవారు అయోడిన్ కలిపిన ఉప్పును ఏ సంకోచమూ లేకుండా తింటున్నారని గుర్తుంచుకొంటే చాలు.

కాల్షియం విషయంలో మన నేల అదృష్టవంతురాలు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అదే తూకం ఆవుపాలలో ఉండేది సుమారు 120. నువ్వులలో వెయ్యికి పైగా ఉంటుంది. అయితే ధాన్యాలలోని ఫైటేట్ల వలన అందులో కొంతే దేహానికి అందుతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వలన ఆ అవరోధం తగ్గుతుంది. రాగి అంబలిని పులియబెట్టిన మన పెద్దలు తెలివితక్కువవారు కారు. ఇనుము కోసం పప్పులు, ఆకుకూరలు తిని పైన నిమ్మరసం పిండుకోవాలి. భోజనం వెంటనే కాఫీ, టీలు మానాలి. ఒమేగా కొవ్వుల కోసం అవిసెగింజలు, మాంసకృత్తుల కోసం కంది, పెసర, శనగ, సోయా, వేరుశనగ ప్రతిదినం తగినంత ఉండాలి. చారు అన్నం, ఊరగాయతో సరిపెట్టుకొనేది వీగన్ ఆహారం కాదు, అర్ధోపవాసం.

పరిశోధనలు చెప్పినదాన్ని అనుకూలమైన మేరకే చెప్పడం అసత్యం. ఇంగ్లండులో జరిగిన ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనంలో 48,000 మందికి పైగా పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, శాకాహారులలో మాంసాహారుల కన్నా హృద్రోగం 22 శాతం తక్కువ. కాని పక్షవాతం 20 శాతం ఎక్కువ. సుమారు 55,000 మందికి సంబంధించి 2020లో ప్రకటించిన ఫలితాలలో వీగన్లకు ఎముకలు విరిగే అవకాశం 43 శాతం అధికంగా కనబడింది. దేహభారం, కాల్షియం, మాంసకృత్తుల భేదాలు ఇందుకు కొంత కారణమే కాని పూర్తి కారణం కాదు. ఇవి పరిశీలనాధ్యయనాలు కనుక కార్యకారణ సంబంధాన్ని నిశ్చయించవు. అయినా హెచ్చరికను హెచ్చరికగా స్వీకరించాలి. పాలు మానితే సర్వరోగాలు పోతాయని ప్రచారం చేసేవారిని నమ్మవద్దు. ఆరోగ్యం కోసం మానేవాడు రోగం రాగానే మళ్ళీ మొదలుపెడతాడు. దయ కోసం మానేవాడు ఆరోగ్యాన్ని జాగ్రత్తగా కాపాడుకొంటాడు. శిశువులు, బాలలు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు, వృద్ధులు, రోగులు నిపుణుల పర్యవేక్షణ లేకుండా ఈ మార్పు చేయరాదు. పసిబిడ్డకు తల్లిపాలు పరమధర్మం. అక్కడ హింస ప్రసక్తే లేదు. ఒకరి వ్రతానికి మరొకరి దేహాన్ని, ముఖ్యంగా పిల్లల దేహాన్ని, పణంగా పెట్టరాదు.

నైవేద్యం

పాలు లేనిదే పూజ ఎట్లా అని మా ఇంట కూడా ప్రశ్న వచ్చింది. ఆలయాల ఆగమవిధులను మార్చమని నేను అనను. అది నా అధికారం కాదు. గృహార్చనలో మాత్రం మనకు స్వాతంత్ర్యం ఉన్నది. ప్రేమతో ఇస్తే స్వీకరిస్తానని గీతలో భగవానుడు పేర్కొన్న నాలుగూ ఆకు, పువ్వు, పండు, నీరు. వాటిలో పాలు లేవు. శ్రీరామనవమికి పానకం, వడపప్పు. వినాయకచవితికి ఉండ్రాళ్ళు, కుడుములు. శివునికి కొబ్బరినీళ్ళ అభిషేకం, దీపానికి నువ్వులనూనె. ఇవన్నీ మన పూర్వులు ఇచ్చినవే. ఇప్పుడు మా ఇంట పాయసం కొబ్బరిపాలతో వండుతున్నాం. పెరుగన్నం విడవడమే కష్టమైంది. భోజనాంతంలో మజ్జిగ లేకపోతే విస్తరి నుండి లేవని తెలుగు నాలుకకు అది చిన్న పరీక్ష కాదు. సోయాపాలతో తోడుపెట్టిన పెరుగు మొదట ఎవరికీ రుచించలేదు. ఇప్పుడు నాకు అలవాటైంది, నా భార్యకు కాలేదు. ఆమె మజ్జిగ ఆమె పోసుకొంటున్నది. మా ఇంట దానివలన కలహం లేదు.

అవసాదం వద్దు, ఉద్ధర్షం వద్దు

శ్రీరామానుజులు చెప్పిన సాధనసప్తకంలో మొదటిది ఆహారశుద్ధి రూపమైన వివేకమని చెప్పుకొన్నాం. చివరి రెండు అనవసాదం, అనుద్ధర్షం. అనగా దైన్యంతో కుంగిపోకపోవడం, తృప్తితో పొంగిపోకపోవడం. ఆహారంతో మొదలైన సాధన ఇక్కడ ముగియడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ఆహారనియమం పాటించేవానికి పట్టే రెండు వ్యాధులు ఇవే. లోకంలోని హింసను తలచుకొని ప్రతి విందులోను కన్నీరు పెట్టేవాడు మొదటిదానికి, ఎదుటివాని విస్తరిని చూసి ముఖం చిట్లించేవాడు రెండవదానికి లోబడినవాడు. మన సమాజంలో ఆహారం పేరిట మనుషులను దూరం పెట్టిన చరిత్ర దీర్ఘమైనది. దూడ మీద దయ చూపుతూ తోటి మానవుని అవమానించేవాడు ఒక మడిని విడిచి మరొక మడి కట్టుకొన్నవాడే.

కావున నా విజ్ఞప్తి ఇంతే. మీరు కొనే పాలు ఎక్కడి నుండి వస్తున్నాయో, అక్కడ మగదూడ ఏమవుతున్నదో ఒక్కసారి విచారించండి. తెలిసిన తరువాత మీ శక్తి మేరకు ఒక్క అడుగు వేయండి. ఒకరు కాఫీలో మానవచ్చు, ఒకరు ఏకాదశినాడు మానవచ్చు, ఒకరు పూర్తిగా మానవచ్చు. మానేవారు ముందు రక్తపరీక్ష చేయించుకోండి, బి12ను మరవవద్దు. మానలేనివారు మానినవారిని పరిహసించవద్దు. మానినవారు మానలేనివారిని నిందించవద్దు.

ఈ కార్తికంలోనూ సత్సంగం జరుగుతుంది. ఆ అమ్మాయి వస్తే ఈసారి నిజం చెబుతాను: "తల్లీ, ఆ దూడ ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. అందుకే ఈ సంవత్సరం ప్రసాదం పానకం."